పాటల పెట్టెకు అంగీ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒంటి మీద గుడ్డ లేని వస్తువంటూ ఉండేది కాదు. పిల్లలు చెడ్డీ లేకుండా తిరిగినా ఫరవాలేదు గానీ మిక్సీకి అంగీ ఉండాలి, కుట్టు మిషనుకు ముసుగు ఉండాలి, ఇస్త్రీ పెట్టెకు సంచీ ఉండాలి. గోడ గడియారానికి కూడా ఒకటి కుట్టాను గానీ, టైము కనబడడం లేదని మా ఇంటాయన రెండో రోజే పీకేశాడు. (ఆయనకు టైముతో పనేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పొలానికి ఏనాడూ టైముకు పోలేదు.) వస్తువు కొన్నామంటే మనుమల కాలానికి కూడా అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినట్టుండాలని నా పంతం. ఇప్పుడు ఆ మనుమలు వచ్చారు. ఆ వస్తువులు మాత్రం ఒక్కటీ వాళ్ళకు అక్కర్లేదట. నేను చదివింది నాలుగో తరగతి. ఐదో తరగతి పంతులు నన్ను చూడలేదు, నేను ఆయన్ను చూడలేదు. అయినా బాన్సువాడ మొత్తం మీద నన్ను మోసం చేయగల దుకాణదారు ఇంకా పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో ఒక మంచి మనిషి బతుకు మీదికి ఎలా తెచ్చానో చెబుతాను, వినండి. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఊరంతా ఒకసారి నవ్వేసే ఉంది.

తొంభైల మధ్యలో, ఒక దసరాకు ముందు, మా ఇంటాయన ట్రాక్టరులో వరిగడ్డి పరిచి, పుట్టింటి నుంచి బాలింతను తెచ్చినంత జాగ్రత్తగా ఒక పెట్టెను తెచ్చాడు. కాలువల ఆఫీసులో పనిచేసి రిటైరై సొంతూరికి పోతున్న ఒక ఇంజనీరు దగ్గర బేరమాడి తెచ్చాడు. ఆంప్లిఫయర్ అన్నాడు. అప్పటికే అది ఇరవై ఏళ్ళ పాతది. చెక్క ఒళ్ళు, వెండి పళ్ళెంలాంటి ముఖం, ముఖం మీద పాట వస్తే ఎగిరెగిరి పడే రెండు ముళ్ళు, కింద వరసగా దొడ్డ దొడ్డ మీటలు. నెత్తి మీద జల్లెడలాగా సందులు. దానికి తోడు బీరువా అంతెత్తు స్పీకర్లు రెండు. ఒక్కో స్పీకరూ ఇద్దరు మగవాళ్ళు ఎత్తితే గానీ లేవలేదు. పెట్టెను మా ఇంట్లో ఉన్న చిన్న టేపు రికార్డరుకు వైరుతో తగిలించి, పాట పెట్టి, అల్లుడొచ్చినంత సంబరంగా నా ముఖం చూశాడు.

"ఏమే, గిది స్టీరియో. తబలా ఒక దిక్కు, హార్మోనియం ఒక దిక్కు ఇనవడ్తది. ఇంటున్నవా?"

"ఒక్క పాటకు రెండు దిక్కులెందుకు? మన రెండు చెవులు దగ్గెర్నే ఉన్నయి గద!" అన్నాను నేను.

ఆయన నా మీద ఆశ వదులుకున్నాడు. స్పీకర్ల మధ్య పీట వేసుకుని, కళ్ళు మూసుకుని, తలాడిస్తూ కూర్చున్నాడు. ఆదివారం పొద్దున ఆయన అలా కూర్చుంటే గేదెలు అరిచినా, పిల్లలు కిందపడ్డా, నేను పిలిచినా వినబడేది కాదు. తబలా మాత్రం ఏ దిక్కున ఉందో చెప్పేవాడు.

దసరా పోయింది, దీపావళి పోయింది. పెట్టె బంగారంలా పాడింది. కార్తీకంలో చలి దిగింది. మా బాన్సువాడ చలి మీకు తెలియకపోవచ్చు. చుట్టూ కాలువ నీళ్ళు, నీళ్ళు పెట్టిన మళ్ళు. తెల్లారేసరికి చేతులు కొయ్యబారేవి. ఆ చలికి మనుషులు ఓర్చుకుంటారు గానీ పాలు ఓర్చుకోవు. పొద్దున తోడేస్తే సాయంత్రానికి కూడా పాలు పాలలాగే ఉండేవి. పొయ్యి పక్కన పెట్టి చూశాను, బియ్యం డబ్బాలో పెట్టి చూశాను, చివరికి మా అత్త దుప్పట్లో కూడా పెట్టి చూశాను. (ఆమె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగింది. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.) అలాంటి రోజుల్లో, ఒక ఆదివారం, పెట్టె మీద దుమ్ము తుడుస్తుంటే దాని నెత్తి వెచ్చగా తగిలింది. పొదిగే కోడి కడుపు ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చగా. నేను అటు చూశాను, ఇటు చూశాను. మా ఇంటాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. పాలగిన్నె తెచ్చి దాని మీద పెట్టాను. పగటి అన్నానికల్లా పెరుగు గడ్డ కట్టింది. గరిటె నిలబెడితే నిలబడింది.

"పైసల్ దండుగ అనుకున్న గనీ, పిలగాడు మంచి సామానే తెచ్చిండు," అని మా అత్త మొదటిసారి కొడుకును మెచ్చుకుంది.

ఇంత మంచి వేడి ఊరికే గాలిలో కలిసిపోతుంటే నా ప్రాణం ఒప్పుతుందా? అంగీ కుట్టడానికి కూర్చున్నాను. పాత బొంత ఒకటి చిరిగి మూలన పడి ఉంది. దాన్ని కత్తిరించి, లోపల మా మామ పాత ధోవతి అస్తరు వేసి, పెట్టె కొలతకు సరిగ్గా కుట్టాను. అంగీ తీయకుండానే పాట పెట్టుకోవాలి కదా! అందుకని ముళ్ళ దగ్గర ఒక కిటికీ వదిలి, ఒక్కో మీటకు ఒక్కో కాజా కుట్టాను. నా పెళ్ళి రవికకు కూడా అంత శ్రద్ధగా కాజాలు కుట్టలేదు. నెత్తి మీద పాలగిన్నె కూర్చోవడానికి గుండ్రంగా ఒక జేబులాంటిది కూడా పెట్టాను. తొడిగి చూస్తే పెట్టె స్వెట్టరు వేసుకుని బడికి పోయే పిల్లవాడిలా ముద్దుగా కనిపించింది. పెట్టె వెనక ఇంగ్లీషులో ఎర్రగా ఏదో రాసి ఉంటే, అదేమిటని మా ఇంటాయనను అడిగాను. ఆయన ఇంటర్ పాసు. "కంపెనోళ్ళు ఏదో రాసుకున్నరు తీ," అన్నాడు. చదువుకున్నవాడి మాట కదా, నమ్మాను.

అంగీ తొడిగిన ఆదివారమే మొదటిసారి పెట్టె ఆగిపోయింది. అరగంట పాడింది, లోపల టక్‌మని చప్పుడైంది, అంతే. ముళ్ళు పడుకున్నాయి. మా ఇంటాయన పీట మీద నుంచి లేచి, మీటలన్నీ తిప్పి, చేత్తో రెండు దెబ్బలు కొట్టి (గేదెకైనా, పెట్టెకైనా ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే), చివరికి తేల్చి చెప్పాడు.

"చలి వడ్తలేదే దీనికి. లోపట బిగుసుకపోతున్నది."

నాకూ నిజమేననిపించింది. దసరాకు బాగుంది, చలి రాగానే మొరాయించింది. ఇంకేం కావాలి? అంగీకి లోపల గొంగడి ముక్క ఇంకో వరస వేశాను. మరుసటి రోజు అరగంట కూడా పాడలేదు.

అప్పుడు దాన్ని గోనెసంచిలో చుట్టి, లూనా మీద కట్టి, బస్టాండు వెనక ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన్ను ఊళ్ళో అందరూ నిమ్మళం అన్న అనేవాళ్ళు. ఎవరేం చెప్పినా ముందు "నిమ్మళం, నిమ్మళం" అనేవాడు. ఐదారేళ్ళు చాయ్ హోటలు అరుగు మీద కూర్చుని రేడియోలు బాగుచేసి, ఆ ఏడే ఒక గది కిరాయికి తీసుకుని బోర్డు కట్టుకున్నాడు. పచ్చ రంగు మీద పసుపు అక్షరాలు. ఆ బోర్డును రోజూ పొద్దున తడిగుడ్డతో తుడిచేవాడు. అది తుడిచాకే చాయ్ తాగేవాడు.

ఆయన పెట్టె మూత విప్పాడు. ఊదాడు, వాసన చూశాడు, స్క్రూడ్రైవరు పిడితో ఒక్కో దాన్నీ వైద్యుడు కడుపు మీద తట్టినట్టు తట్టాడు. రెండు చోట్ల వైర్ల టాకా విడిచిందని, సీసం కరిగించి మళ్ళీ టాకా వేశాడు. వాల్యూమ్ మీట గరగరలాడుతోందని స్పిరిటుతో కడిగాడు. మూత తీసే ఉంచి పొద్దుగూకేదాకా మోగించి చూశాడు. ఒక్కసారి ఆగలేదు. సంతోషంగా ఇంటికి తెచ్చి, చలి తగలకుండా వెంటనే అంగీ తొడిగి, పాలగిన్నె పెట్టి, పాట పెట్టాం. అరగంటకు టక్.

మళ్ళీ తీసుకుపోయాం. ఈసారి కండెన్సర్లు పాతవైపోయాయని కొత్తవి వేసి, పాతవి కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. దుకాణంలో పొద్దంతా పాడింది. ఇంట్లో అరగంట.

అక్కడే నాకు అనుమానం మొదలైంది. దుకాణంలో పాడేది ఇంట్లో ఎందుకు పాడదు? మా ఇంటాయన ఓల్టేజీ అన్నాడు. మా అత్త దిష్టి అంది. నేను మాత్రం దొంగతనం అన్నాను. లోపలి మంచి సామాను తీసి దాచుకుని, మేం వెళ్ళినప్పుడల్లా పెట్టి వినిపించి, పంపేటప్పుడు డూప్లికేటు వేస్తున్నాడన్నమాట! మూడోసారి తీసుకుపోయే ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చారానా బిళ్ళతో మరలు విప్పి, లోపల కనిపించిన ప్రతి ముక్క మీదా నా తిలకం సీసాతో ఎర్ర చుక్క పెట్టాను. పదిహేడు చుక్కలు. చుక్క లేనిది దొరికితే దొంగ దొరికినట్టే.

నిమ్మళం అన్న మూత విప్పి, ఒక ఎర్ర చుక్కను వేలితో తాకి చూశాడు.

"వదినె, గిది పాటల పెట్టెనా, బోనమా?"

"నీకెందుకయ్యా? నువ్వు బాగుచెయ్, సాలు," అన్నాను నేను. సిగ్గుపడవలసిన చోట సిగ్గుపడడం నాకు అప్పట్లో అలవాటు లేదు.

రెండు రోజులు దుకాణంలో మోగించి పంపాడు. ఇంటికి తెచ్చి అంగీ తొడిగాం. అరగంట. టక్.

కోపంలో మూత విప్పి చుక్కలు లెక్కపెట్టాలన్న సంగతి కూడా మరిచాను. మరుసటి రోజు సంత. బిచ్కుంద దాకా పల్లెల వాళ్ళంతా దిగుతారు. నేను కూరగాయల సంచీ చంకన పెట్టుకుని, నేరుగా ఆయన దుకాణం ముందు నిలబడి, నోరు తెరిచాను. ఏమన్నానో అంతా ఇక్కడ రాయను. (మా చిన్న కోడలు కూడా చదువుతుంది.) "మంచి సామాను మింగి డూప్లికేటు ఏస్తున్నడు, మీ రేడియోలు మీరు సూస్కోండ్రి" అన్నది మాత్రం నాలుగుసార్లు, నాలుగు దిక్కులకూ తిరిగి చెప్పాను. స్టీరియో అన్నమాట. చాయ్ హోటలు వాళ్ళు గ్లాసులతో సహా బయటికొచ్చారు. ఒకామె అప్పటికప్పుడే లోపలికి పోయి తన టేపు రికార్డరు ఎత్తుకుపోయింది. ఆమె వెనక ఇంకొకాయన. మూడు రోజుల్లో ఆ గదిలో అరలన్నీ ఖాళీ అయ్యాయని తర్వాత తెలిసింది.

నిమ్మళం అన్న గొంతు పెంచలేదు. బోర్డు వైపు ఒకసారి చూసి అన్నాడు.

"నిమ్మళం వదినె. ఆయితారం మీ ఇంటికొస్త. మీ ఇంట్లనే పెట్టి సూద్దాం. గంట లోపట ఆగిపోయి, అది నా పనిల తప్పని తేలితే, గీ బోర్డు నా చేతులతోనే దించుత. మద్నూర్ రోడ్డు మీద లారీల కింద పండి వైర్లు సుట్టుకుంట బతుకుత. సరేనా?"

"సరే," అన్నాను. ఒకడి బతుకు మీద పందెం కాసి, బేరమాడి వంకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఆదివారం పొద్దున ఆయన వచ్చాడు. చూడడానికి ఆయన వెంట బజారులో నుంచి పదిమంది దాకా వచ్చారు. ఇంటికి నలుగురు వస్తున్నారంటే నేను ఏం చేస్తాను? అరుగు కడిగాను, ముగ్గు వేశాను, మాసికలు పడ్డ బొంత గుడ్డ నలుగురి కంట పడితే పరువు పోతుందని అంగీని తీసి సందుకలో దాచాను. పాలగిన్నెను వంటింట్లోకి పంపాను. పెట్టెను తళతళా తుడిచి, ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబెట్టాను. నిమ్మళం అన్న ముందు మూత విప్పి అందరికీ చుక్కలు చూపించాడు. "లెక్కవెట్టుకో వదినె." పెట్టుకున్నాను. పదిహేడూ ఉన్నాయి. మూత బిగించి, పాట పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

అరగంట అయింది. నేను గడియారం వైపు చూశాను. ముప్పావు గంట అయింది. ముళ్ళు హాయిగా ఎగురుతున్నాయి. గంట దాటింది. తబలా ఒక దిక్కు, హార్మోనియం ఒక దిక్కు. మా ఇంటాయన తలాడించడం మొదలుపెట్టాడు. (నేను కళ్ళెర్రజేస్తే ఆపాడు.) వచ్చినవాళ్ళు నా ముఖం చూస్తున్నారు. ఓడిపోయానని ఒప్పుకునే వయసా నాది?

"ఇయ్యాల కరెంటు మంచిగున్నది, అందుకే పాడ్తున్నది," అన్నాను.

"అయితే ఇంకో గంట సూద్దాం," అన్నాడు నిమ్మళం అన్న. ఆయన ముఖంలో ఏ కోపమూ లేదు. కానీ మోకాళ్ళను మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అది నేను చూశాను. చూడనట్టే ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి మా అత్త వచ్చింది. ఒక చేతిలో గోరువెచ్చని పాలగిన్నె, ఇంకో చేతిలో సందుకలోంచి తీసిన అంగీ. ఆమెకు పందెం సంగతి తెలియదు, బోర్డు సంగతి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా మధ్యాహ్నం అన్నంలోకి పెరుగు.

"ఏం పిల్లా, డబ్బను ఒట్టిగ నిలవెట్టినవేంది? చలి వెట్టదా దానికి?" అంటూ పదిమంది మధ్యలో నుంచి నడిచి, అంగీ తొడిగి, ఒక్కో మీటనూ ఒక్కో కాజాలోంచి బయటికి లాగి, పైన జేబులో పాలగిన్నె కూర్చోబెట్టి, పెట్టె పక్కన చేత్తో నాలుగుసార్లు తట్టింది. పిల్లను పడుకోబెట్టినట్టు.

పదిమందీ మెడలు చాచి చూశారు. పాట పాడుతూనే ఉంది.

"అవ్వా," అన్నాడు నిమ్మళం అన్న గిన్నె వైపు వేలు చూపించి, "గిదేంది?"

"పెరుగు బిడ్డా. గీ డబ్బ మీద వెడితే రాయి లెక్క తోడుకుంటది. మా కోడలు తెలివి. నీకూ పోస్త, బువ్వ తిని పో."

"రోజూ గిట్లనే కప్పుతరా?"

"మరి? నెల దినాల సంది ఇంట్ల ఉన్ననాడు ఒక్కరోజు తప్పలే."

ఆయన లేచి పెట్టె వెనక్కి పోయి, అంగీ పైకెత్తి, ఎర్ర ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి మా ఇంటాయనను పిలిచాడు. "అన్నా, గిది సదువు." మా ఇంటాయన కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, చదివి, మెల్లగా వచ్చి పీట మీద కూర్చున్నాడు. నిమ్మళం అన్నే తెలుగులో చెప్పాడు. పైనున్న సందులు మూయకూడదు, పెట్టెను దేనితోనూ కప్పకూడదు అని రాసి ఉందట. అది ఇంజనీరు ఇంట్లో ఉన్నప్పటి నుంచీ రాసే ఉంది.

"గిది చాన మంచి పెట్టె వదినె. లోపట వేడి దాటితే, కాలిపోకుండ దానంతటదే బందువెట్టుకుంటది. మీరు ఖరాబైందనుకున్నరు గదా, అది ఖరాబు గాకుండ సూసుకుంటున్నది."

ఆయన మాట పూర్తయిందో లేదో, టక్. ముళ్ళు పడుకున్నాయి. పాట సగంలో ఆగింది. పదిమందీ ఒకేసారి నవ్వారు. గోడలు అదిరాయి. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మా ఇంటాయన. ఆ వారం ఆయనకు పెరుగు పడలేదు లెండి.

నిమ్మళం అన్న మాత్రం నవ్వలేదు. చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "మరి బోర్డు సంగతేంది వదినె?"

"ఉండనీ. దించితే మళ్ల ఎక్కియ్యనీకి నిచ్చెన కావాలె," అన్నాను. క్షమించమనే మాట గొంతు దాకా వచ్చింది గానీ, అది దాటి రావడానికి దారి తెలియలేదు. అలవాటు లేని మాట మరి.

"గట్ల గాదు. బజార్ల అన్న మాట బజార్లనే తీసుకోవాలె. నా గదిల ఇప్పుడు ఒక్క రేడియో లేదు," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది. తిరిగి నాలుగు అనేసి మరిచిపోయేదాన్ని.

మరుసటి సంతకు పోయాను. అదే చోట, ఆయన దుకాణం ముందు, అదే సంచీ చంకన పెట్టుకుని నిలబడ్డాను. ఒక చేతిలో పెరుగుగిన్నె, ఇంకో చేతిలో అంగీ. చంకలో సంచీని రెండుసార్లు సర్దుకున్నాను. తిట్టడానికి వచ్చినప్పుడు ఒక్కసారి కూడా సర్దుకోలేదు. "ఇనుండ్రి! పెట్టె ఖరాబు గాలే, ఈయన దొంగ గాదు. నేను దాని మీద పెరుగు తోడేసిన, దానికి అంగీ కుట్టిన. గిదే ఆ అంగీ!" అని ఎత్తి చూపించాను. నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగుసార్లు చెప్పాను. ఎన్నిసార్లు తిట్టానో అన్నిసార్లు. తక్కువ చేస్తే అన్యాయం, ఎక్కువ చేస్తే దండుగ. చాయ్ హోటలు వాళ్ళు మళ్ళీ గ్లాసులతో బయటికొచ్చారు. నవ్వినవాళ్ళు నవ్వారు. నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలామె మాత్రం నవ్వకుండా దగ్గరికొచ్చి, అంగీని వేళ్ళతో పరీక్షగా చూసి, "కాజాలు మంచిగ వడ్డయి బిడ్డా. పెరుగు పులిసిందా, తియ్యగుందా?" అని అడిగింది.

నిమ్మళం అన్న పెరుగుగిన్నె తీసుకుని లోపల పెట్టుకున్నాడు. "నిమ్మళం వదినె, నిమ్మళం," అన్నాడు. అంతే. నెల తిరిగేసరికి అరలన్నీ మళ్ళీ నిండాయి. ముందుకంటే ఎక్కువే నిండాయట. పెరుగు పెట్టె బాగుచేసిన మెకానిక్ అంటే తెలియనివాళ్ళు లేరు మరి. సంక్రాంతి దాటాక ఒకరోజు అటుగా పోతూ చూస్తే బోర్డు కింద కొత్తగా ఒక వరస రాయించాడు. నాలుగో తరగతి చదువే అయినా తెలుగు కదా, కూడబలుక్కోకుండానే చదివాను. "పెరుగు తోడు పెట్టిన సామాను రిపేరు చేయబడదు." నేను కోపంగా లోపలికి పోయాను. ఆయన చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

ఆ పెట్టె ఆ తర్వాత పదేళ్ళు పాడింది, అంగీ లేకుండా, దుమ్ము పట్టి. నేను చూడలేక ముఖం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు మా మనుమరాలు పిడికెడంత స్పీకరు ఒకటి తెచ్చి కిటికీలో పెట్టి పాటలు వింటుంది. వైరు లేదు, ముళ్ళు లేవు, తబలా ఏ దిక్కున ఉందో ఎవరికీ పట్టదు. మొన్న కార్తీకంలో చలికి పాలు తోడుకోవడం లేదని వంటింట్లో గొణుక్కుంటూ, ఆ కిటికీ పక్క నుంచి పోతూ, ఎవరూ చూడకుండా దాని నెత్తి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఎంత పాడినా చల్లగానే ఉంటుందట.

"నానమ్మా, ఏం చేస్తున్నవ్?" అంది మనుమరాలు వెనక నుంచి.

"దుమ్ము తుడుస్తున్ననే," అన్నాను.